జిరాక్స్ తీసిన మందుచీటీ

ఆయుర్వేద కాలేజీ నుంచి కొత్తగా బయటికొచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. క్లినిక్ ఏ వీధిలో పెట్టాలి, బోర్డు ఏ రంగులో వేయించాలి, ఫోన్లో ఏం వీడియోలు పెట్టాలి అని అడుగుతారు. మొదటి రెండిటికీ తోచింది చెప్పి, మూడోదానికి కాఫీ ఇచ్చి పంపిస్తాను. ఈ పని అసలు ఎలాంటిదో మాత్రం ఎవరూ అడగరు. అడగని ప్రశ్నలకు జవాబు చెప్పడం రిటైరైనవాళ్ల హక్కు. ఆ హక్కుతోనే ఇది రాస్తున్నాను.

నేను చిక్కడపల్లిలో ఆయుర్వేద వైద్యురాలిగా పనిచేశాను. ఈ మధ్యే మోకాళ్లు మొరాయిస్తే క్లినిక్ మూసేశాను. జనం మోకాళ్లకు తైలాలు రాసిచ్చిన డాక్టరు మోకాళ్ల నొప్పితో మానేసిందని మా వీధిలో బాగానే నవ్వుకున్నారు. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి సచివాలయంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ కిరాయి ఇంట్లో దిగారు. నేను పుట్టింది, పెరిగింది, ముసలిదాన్నయింది అన్నీ ఈ చుట్టుపక్కలే. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, క్లినిక్‌లో వినే తెలుగు ఒకటి. రెండూ నావే.

నా డిగ్రీలు, సన్మానాలు, అసోసియేషన్ ఎన్నికల్లో నేను ఓడిపోయిన వైనం ఇవేవీ రాయను. ఒక చీటీ గురించి రాస్తాను.

పైన మందు, కింద మాట

మొదట్లో నారాయణగూడలో రంగాచారి గారనే పెద్ద వైద్యుడి దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఆయనది తరతరాలుగా హైదరాబాదే. తెలుగు, ఉర్దూ, సంస్కృతం మూడూ ఒకే వాక్యంలో కలిపి తిట్టగలిగిన పండితుడు. తిట్టాక మనకు అర్థమైందో లేదో కనుక్కుని, అర్థం కాకపోతే విడమరిచి మళ్లీ తిట్టేవారు.

నేను చేరిన కొత్తలో ఒక పహిల్వాను వచ్చాడు. కుస్తీ పోటీకి తయారవుతున్నాడు. పగలంతా కసరత్తు చేసి ఒళ్లు హూనమైపోతున్నా రాత్రి నిద్ర పట్టడం లేదనీ, మనసంతా పరేషాన్‌గా ఉంటోందనీ చెప్పాడు. నాకు కాలేజీ చదువు ఆవిరి ఇంకా ఆరలేదు కాబట్టి అశ్వగంధ, జటామాంసి, తగర, ఒక లేహ్యం, ఒక తైలం చకచకా రాసేశాను. రంగాచారి గారు ఆ చీటీ తీసుకుని, తిరగేసి, వెనకవైపు కూడా ఏమైనా రాశానా అని చూశారు.

“ముందుగాల నిన్న లేచినకాడి నుంచి పండుకునేదాక ఏం జేసిండో అడుగు. నాడి యాడికీ పోదు, జర ఆగుతది” అన్నారు.

అడిగాను. పహిల్వాను దండీలు, బస్కీలు, పాలు, బాదం పప్పు, నూనె మర్దనా అన్నీ సంతోషంగా చెప్పుకొచ్చాడు. రాత్రి భోజనమయ్యాక దోస్తులతో ఇరానీ హోటల్లో కూర్చుంటాడట. షట్టర్ దింపేదాకా కూర్చుంటాడట. కూర్చుని ఏం చేస్తావంటే, చాయ్ కూడా లెక్కలోకి వస్తుందా అని అమాయకంగా అడిగాడు.

పెద్దాయన నా చీటీలో అశ్వగంధ ఒక్కటి ఉంచి మిగతావన్నీ కొట్టేశారు. అడుగున పెద్ద అక్షరాలతో, పొద్దు గూకినంక చాయ్ బంద్ అని రాశారు. పహిల్వాను వెళ్లాక నేను ఊరుకోలేక, రోగమంతా చాయ్‌లో ఉంటే అశ్వగంధ మాత్రం ఎందుకండీ అని అడిగాను.

“ఉత్త మాట చెప్పి పంపిస్తే ఫీజు ఎందుకిచ్చిననని లొల్లి పెడ్తడు. పైన మందు రాయాలె, కింద అసలు సంగతి రాయాలె. మందు కోసమన్నా చీటి జేబుల పెట్టుకుంటడు గద.”

నేను నేర్చుకున్న వైద్యంలో సగం ఈ మాటే. మిగతా సగం ఆయనతో విభేదించి నేర్చుకున్నాను. అది కూడా చెప్పాలి. ఆయనకు ఇంగ్లీషు మందులంటే ఒళ్లు మంట. ఏ పేషెంటైనా బీపీ మాత్ర పేరెత్తితే, ఆ డాక్టర్ దగ్గరికే పొమ్మని బల్ల చరిచేవారు. దాంతో జనం ఆయన దగ్గర ఆ సంగతి దాచడం మొదలుపెట్టారు. ఆయన అడగరు, వాళ్లు చెప్పరు. మన వృత్తిలో పెద్దవాళ్లు చాలామంది పేషెంట్లకు ఈ అలవాటే చేసిపెట్టారు. ఆయుర్వేదం డాక్టరు ముందు కూర్చుంటే చాలు, మనవాళ్లకు తాము మింగే మాత్రలన్నీ మరుపున పడిపోతాయి. మీరు గట్టిగా అడిగినా చెప్పరు. ఒకటికి రెండుసార్లు, తిట్టనని మాటిచ్చి మరీ అడగాలి.

అశ్వగంధ మన చుట్టం కాదు

వేర్ల పొడుల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నచ్చనివాళ్లు ఈ భాగం దాటేయవచ్చు.

అశ్వగంధ మంచి మందే. ఒత్తిడిలో ఉన్న కొందరికి కాస్త నిమ్మళం ఇస్తుంది, నిద్ర కాస్త కుదురుతుంది. కొందరికి ఏమీ చేయదు. చేసినా స్విచ్చు వేసినట్టు చేయదు, నిదానంగా చేస్తుంది. మీ బదులు పరుగు తీయదు. రోజంతా ఒంటిని చితక్కొట్టుకునేవాడికి కావలసింది కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర, వారంలో ఒక రోజు విశ్రాంతి. ఈ మూడూ మానేసి పొడి మింగితే, పొడి తప్ప ఏమీ మింగనట్టే. ఇక తగర మగత తెస్తుంది. పొద్దున్నే గ్రౌండులో దిగేవాడికీ, బండి నడిపేవాడికీ అది వరమేమీ కాదు.

థైరాయిడ్ మాత్రలు, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లూ, గర్భిణులూ, కాలేయం బాగాలేనివాళ్లూ ఇవేవీ డాక్టరును అడగకుండా ముట్టకూడదు. ఆకులూ వేర్లే కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు అనే వాక్యం మన షాపుల గోడల మీద తరచూ కనిపిస్తుంది. మీ నోటి నుంచి మాత్రం రానివ్వకండి. పనిచేసే వస్తువు ఏదైనా ఎవరికో ఒకరికి ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరగనిది ఉందంటే అది పనిచేయడం లేదన్నమాట.

దీపం ఆర్పినవాడు ఫెయిల్

తర్వాత నేను చిక్కడపల్లిలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. చాలా ఏళ్లు గ్యాసు, కీళ్లు, జుట్టు రాలడం వీటితోనే గడిచిపోయింది. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లతో నిండిపోయాక నా పేషెంట్ల తీరు మారింది. అన్ని జిల్లాల నుంచీ వచ్చిన పిల్లలు, ఒక్కో గదిలో ఆరేసి మంచాలు, మంచం కింద పుస్తకాలు, పుస్తకాల మీద ఆరేసిన బట్టలు. పోలీసు నోటిఫికేషన్ పడితే వీళ్లకు రెండు యుద్ధాలు. పగలు పుస్తకం, తెల్లవారుజామున గ్రౌండు. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కలిపి వాళ్లు ఈవెంట్స్ అంటారు. ఈవెంట్స్ దగ్గరపడ్డాయంటే మా క్లినిక్‌లో కూర్చోవడానికి చోటుండేది కాదు. అందరిదీ ఒకటే కోరిక. తక్కువ నిద్రతో ఎక్కువ స్టామినా వచ్చే మందు కావాలి.

నరేశ్ అలాగే వచ్చాడు. సూర్యాపేట వైపు కుర్రాడు, ఎస్సైకి తయారవుతున్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. నిన్నటి సంగతి చెప్పమంటే చెప్పాడు. నడి రాత్రి దాటేదాకా చదువు, తెల్లారకముందే పరుగు. మరి త్వరగా పడుకోవచ్చు కదా అంటే నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.

“మా రూముల లైటు ముందుగాల ఎవరు బంద్ జేస్తే వాళ్లే ఫెయిలైతరు మేడమ్. ఎవరూ బంద్ జెయ్యరు.”

ఆరుగురూ నిద్రకు తూలుతూ, పక్కవాడు ఎప్పుడు ఓడిపోతాడా అని చూస్తూ కూర్చుంటారట. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నవాడిని కూడా చూశానన్నాడు. అశోక్‌నగర్ గదుల్లో ఇదొక ఆచారం. ఏ శాస్త్రంలోనూ లేదు, కానీ ఏ శాస్త్రమూ దీన్ని దాటలేదు.

పెద్దాయన పద్ధతిలోనే చీటీ రాశాను. పైన నరేశ్ పేరు, వయసు, బరువు, ఆ కింద రాత్రి పాలతో అశ్వగంధ చూర్ణం, మరీ అవసరమైతే నిద్రకు ఒక మూలికల మాత్ర. అడుగున అసలు సంగతి వివరంగా రాశాను. సాయంత్రం తర్వాత టీ వద్దు. ఫోను గది బయట పెట్టు. పదింటికి పడుకో. పక్కవాడు చదువుతున్నా పడుకో. వారానికో రోజు పరుగు మానెయ్.

నరేశ్ ఎస్సై అయ్యాడు. కోచింగ్ సెంటరువాళ్లు సన్మానం పెట్టి నన్ను కూడా పిలిచారు. మొదటి వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. నరేశ్ మైకు పట్టుకుని, చిక్కడపల్లి మేడమ్ మందే లేకపోతే తాను లేనని చెప్పాడు. హాలంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. దాచుకోవడం దేనికి, ఆ రాత్రి నాకూ సరిగా నిద్రపట్టలేదు, సంతోషంతో.

నరేశ్ సెట్

ఆ తర్వాత నా క్లినిక్ పక్కన మందుల షాపులో కొత్త మాట వినిపించడం మొదలైంది. పిల్లలు వచ్చి నరేశ్ సెట్ ఒకటి ఇవ్వండి అని అడుగుతున్నారు. నేను బయటికొచ్చి ఒక కుర్రాడి చేతిలో కాగితం తీసుకుని చూశాను. నా చేతిరాత. నా క్లినిక్ పేరు. నరేశ్ వయసు, నరేశ్ బరువు. కాగితం మాత్రం జిరాక్స్.

అశోక్‌నగర్ గురించి తెలిసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు. టాపర్ రాసిన నోట్సు జిరాక్స్, టాపర్ టైంటేబుల్ జిరాక్స్, టాపర్ మార్కులేసుకున్న పాత పేపరు జిరాక్స్. ఇక టాపర్ మింగిన మందు ఏం పాపం చేసింది? ఆడపిల్లలు కూడా, నరేశ్, పురుషుడు అని రాసి ఉన్న చీటీ పట్టుకుని పొడి కొనుక్కుపోతున్నారు. హాస్టల్లో రాత్రిపూట పాలు దొరక్క కొందరు ఆ పొడిని ఇరానీ చాయ్‌లో కలుపుకుని తాగుతున్నారని తెలిసినప్పుడు కుర్చీలో కూలబడ్డాను. నిద్ర కోసం తాగే చాయ్ ప్రపంచంలో ఇక్కడే పుట్టి ఉంటుంది. ఇంకొకడు అవసరమైతే వేసుకోమన్న మాత్రను పొద్దున్నే వేసుకుని, మోడల్ టెస్టులో జవాబుల కాగితం మీద తలపెట్టి హాయిగా పడుకున్నాడట.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. ఆ జిరాక్సులో కింద రాసిన మాటలు లేవు.

జిరాక్స్ షాపు యాదన్నది. మూలమలుపులో ఉంటుంది, రోడ్డు మీద సగం, ఫుట్‌పాత్ మీద సగం. యాదన్న మర్యాదస్తుడు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేసి, చాయ్ చెప్పాడు. చీటీ ఎవరిచ్చారంటే నరేశన్న నోట్సు కట్టలోనే ఉందన్నాడు. నోట్సు జిరాక్సుకిచ్చినప్పుడు అందులో ఇరుక్కుని వచ్చిందట. మరి కింది భాగం ఏమైందని అడిగాను.

“కింద కోసేస్తే ఒక్క పేజీల రెండు పడ్తయ్ మేడమ్. కాగితం ధర ఎట్లున్నదో మీకు తెల్వనిదేముంది. కింద అంతా ఉత్త మాటలేనాయె, మందేం లేకుండె.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మాటకు రంగాచారి గారు ఉండి ఉంటే మూడు భాషలూ చాలక నాలుగోది నేర్చుకునేవారు. ఇకమీదట అమ్మనని యాదన్న ఒట్టేశాడు. అమ్మకుండా ఉండడమంటే ఆయన లెక్కలో కౌంటర్ మీద నుంచి కౌంటర్ కిందికి పెట్టడమని తర్వాత తెలిసింది.

పరగడుపు గోలీ

రజిత నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. మహబూబాబాద్ దగ్గరి ఊరు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బట్టల షాపులో చాలాకాలం నిలబడి పనిచేసి, కూడబెట్టుకుని, ఉద్యోగం మానేసి కానిస్టేబుల్‌కు చదువుతోంది. వయసు దాటిపోతోంది. ఈ నోటిఫికేషన్ తప్పితే ఇంకోటి రాయడానికి వీల్లేదు. రాతపరీక్షలో గట్టెక్కింది, ఈవెంట్స్ ముందున్నాయి.

కుర్చీలో కూర్చున్న పిల్ల చేతులు వణుకుతున్నాయి. చలికాలంలో చెమటలు. గుండె దడదడ కొట్టుకుంటోందని మెడ దగ్గరే కనిపిస్తోంది. నిద్ర పూర్తిగా పోయిందని చెప్పింది. నరేశ్ సెట్ వాడుతోందట. రాత్రి వాడితే నిద్ర రావడం లేదని పొద్దున కూడా మొదలుపెట్టిందట. అంటే మందుతో నిద్రపోతే మందు, నిద్రపోకపోతే ఇంకాస్త మందు.

ఇంగ్లీషు మందులేమైనా వాడుతున్నావా అని అడిగాను. లేదంది. తిట్టనమ్మా, చెప్పు అన్నాను. ఒక్క గోలీ కూడా వేసుకోనని ఒట్టేసింది. సరే, నిన్నంతా ఏం చేశావో మొదటి నుంచి చెప్పమన్నాను.

“నాలుగింటికి లేచిన. పరగడుపు గోలీ ఏస్కున్న. గ్రౌండుకు పోయిన…”

“ఏం గోలీ?”

“థైరాయిడ్ గోలీ మేడమ్. అది మందు కాదు గద, రోజూ ఏస్కునేదే.”

పెన్ను కింద పెట్టేశాను. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు ఆ మాత్రతో లోటు పూడ్చుకుంటారు. కొందరిలో అశ్వగంధ ఆ హార్మోన్‌ను ఇంకా పెంచుతుంది. రజిత ఆ పొడిని రెండు పూటలా వేసుకుంటూ, పైగా పరుగెత్తుతోంది. గుండె అలా కొట్టుకుంటుంటే గ్రౌండులో ఏమైనా కావచ్చు. నాకు నిజంగా భయం వేసింది.

అప్పటికప్పుడు ఆటోలో హైదర్‌గూడ తీసుకెళ్లి, నాకు తెలిసిన థైరాయిడ్ డాక్టరుకు చూపించాను. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేయించారు. నా అనుమానం నిజమే. పొడి మానెయ్యాలి, మాత్ర మోతాదు తాను చూసుకుంటాను, గుండె నెమ్మదించేదాకా పరుగు వద్దు అన్నారాయన. ఇంతకీ ఏం పొడి అని అడిగితే రజిత సంచిలోంచి జిరాక్స్ తీసి ఇచ్చింది. ఆయన పేరు చూశారు, నరేశ్, పురుషుడు. ఎదురుగా రజితను చూశారు. కాగితం పైన నా పేరు చూశారు, నన్ను చూశారు. మొత్తం కథ చెప్పక తప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, స్టూడెంట్లకు చూపించడానికి ఒక కాపీ తీసుకోవచ్చా అని అడిగారు. ఎదురుగా ఉన్న షాపుకు మనిషిని పంపి జిరాక్స్ తీయించుకున్నారు కూడా.

చిక్కడపల్లిలో ఆటో దిగగానే రజిత నన్ను నిలదీసింది.

“నరేశ్ సార్‌కు ఇచ్చిన్రు. నేనడిగితే బంద్ జెయ్యమంటున్నరు. నాకిదే ఆఖరు మేడమ్. పరుగు ఆపితే నా పని అయిపోయినట్టే. గుండె కొట్టుకుంటే కొట్టుకోనీ.”

చెప్పగలిగిందంతా చెప్పాను. వింటున్నట్టు నిలబడింది కానీ వినలేదు. బట్టల షాపులో అన్నేళ్లు నిలబడ్డ మనిషికి, ఎదుటివాళ్ల మాట వింటున్నట్టు నిలబడడం బాగా వచ్చు. జిరాక్స్ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పొడి మానదని నాకు అర్థమైపోయింది. డాక్టరు మాటకూ టాపర్ జిరాక్సుకూ పోటీ పెడితే అశోక్‌నగర్‌లో డాక్టరు గెలిచే ప్రశ్నే లేదు.

యూనిఫాంలో వచ్చిన మందు

నరేశ్‌కు ఫోన్ చేశాను. సిటీలోనే ఏదో స్టేషన్‌లో ఉన్నాడు. సంగతి చెప్పగానే మర్నాడు మధ్యాహ్నం వస్తానన్నాడు. వచ్చాడు కూడా, డ్యూటీ మధ్యలో, యూనిఫాంలో, బుల్లెట్ మీద. నా క్లినిక్‌కు వచ్చే ముందు పాత అలవాటు కొద్దీ యాదన్న షాపు ముందు బండి ఆపాడు. ఎస్సై దిగడం చూసి యాదన్న చరచరా షట్టర్ సగం లాగేశాడట. ఆయన షాపులో కాపీ హక్కులున్న పుస్తకాలు ఎన్ని కాపీలు అవుతుంటాయో ఆయనకే తెలుసు. నరేశ్ ఆ షట్టర్ కిందికి వంగి, కౌంటర్ కిందున్న తన చీటీల కట్ట మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. మిగతావాటి జోలికి పోలేదు. తను కూడా వాటితోనే చదివాడు మరి.

నరేశన్న వస్తున్నాడని హాస్టళ్లకు కబురు పెట్టాను. క్లినిక్ నిండిపోయింది. రజిత కూడా వచ్చింది, తలుపు పక్కన గోడకానుకుని నిలబడింది. హాస్టల్ గదిలో ఆమె పక్కమంచం అమ్మాయి స్రవంతి కూడా పక్కనే ఉంది. నరేశ్‌ను నేను అడిగింది ఒక్కటే. ఈ పొడి అందరికీ పడదని, ఎవరిది వాళ్లే చూపించుకోవాలని చెప్పమన్నాను. అతను అది చెప్పలేదు. టోపీ తీసి నా బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, రజిత వైపు తిరిగి, నేను కలలో కూడా అనుకోనిది చెప్పాడు.

“అక్కా, నేను ఆ పొడి నాలుగు రోజులు తాగిన, అంతే. గుర్రం వాసన కొట్టింది. మిగిలింది రూమ్మేట్‌కు ఇచ్చేసిన.”

రజిత గోడ వదిలి ముందుకొచ్చింది.

“మరి నిద్రెట్ల పట్టింది సార్?”

“మేడమ్ కింద రాసింది చదివిన. పదింటికి లేచి లైటు బంద్ జేసిన. మా రూమోళ్లు చాన రోజులు నాతోని మాట్లాడలె. ఆ తర్వాత వాళ్లు గూడ పండుకున్నరు.”

ఇప్పుడు అందరూ నా వైపు చూస్తున్నారు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. వాడి మైకు మాటలు నెలల తరబడి మా వీధిలో అందరికీ చెప్పుకుని తిరిగాను. పాలవాడికి కూడా చెప్పాను. మరి సన్మానంలో అంతమంది ముందు నా మందు వల్లే అని ఎందుకు చెప్పావురా అని అడిగాను. నరేశ్ నేల చూపులు చూశాడు.

“మీరు ముందు వరుసల కూసున్నరు మేడమ్. చెప్పకుంటే బాగుండదని.”

గది గదంతా విరగబడి నవ్వింది. అందరికన్నా ఆలస్యంగా నేను నవ్వాను. రజిత నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. నవ్వుతూనే సంచిలోంచి పొడి డబ్బా తీసి, నరేశ్ టోపీ పక్కన పెట్టింది.

మీలో ఎవరైనా ఎప్పుడైనా సన్మానానికి వెళితే మొదటి వరుసలో కూర్చోకండి. జనం నిజం చెప్పడానికి మన ముఖమే అడ్డమవుతుంది.

నడక

ఆ తర్వాతి రోజులు సులువుగా గడవలేదు. గది మొత్తం గ్రౌండుకు పరుగెత్తుతుంటే రజిత ఇందిరా పార్కులో రిటైర్డ్ ఉద్యోగుల మధ్య నడిచింది. పెద్దమనుషులు ఆమెను దాటిపోతూ గుడ్ మార్నింగ్ చెబుతుంటే అవమానంతో ఏడుపొచ్చేదని చెప్పేది. నడిచి నేరుగా నా క్లినిక్‌కు వచ్చి చెయ్యి చాచేది. నేను నాడి చూసి, ఇవాళ కూడా నడకే అనేదాన్ని. చెయ్యి లాక్కుని వెళ్లిపోయేది. నామీద కోపం పోలేదు. కోపంగా ఉండి కూడా రోజూ వచ్చింది, నాకది చాలు.

గదిలో దీపం సంగతి స్రవంతి చూసుకుంది. స్విచ్చు ఆ అమ్మాయి మంచం పక్కనే. మొదటి రోజు దీపం ఆర్పితే మిగతావాళ్లు ఫోన్ల వెలుగులో చదివారట. తర్వాత ఒక్కొక్కరే పడుకున్నారు. రజితకు నిద్ర మాత్రం వెంటనే రాలేదు. చీకట్లో కళ్లు తెరుచుకుని, తను ఆగిపోయిన ప్రతి రోజునూ ఎవరో ఒకరు దాటుకుపోతున్నారని ఊహించుకుంటూ పడుకునేదట. దీనికి నా దగ్గర వేరు లేదు, పొడి లేదు. ఆ మాటే చెప్పాను.

హైదర్‌గూడ డాక్టరు చివరికి పరుగుకు ఒప్పుకున్నారు. ఈవెంట్స్‌కు మిగిలిన రోజులు తక్కువే. మొదటి రోజు పరుగెత్తి వచ్చి, పాత టైమింగ్ రాలేదని బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. వస్తుందని నేను చెప్పలేదు. నాకు తెలియదు కాబట్టి చెప్పలేదు.

ఈవెంట్స్ రోజు

ఆ రోజు పొద్దున్నే గ్రౌండుకు వెళ్లింది. అయిపోగానే ఫోన్ చేస్తానంది. నేను పేషెంట్లను చూస్తూ ఫోను బల్ల మీదే పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఫోను రాలేదు. నేను చేస్తే మోగింది కానీ ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. ఆ పిల్ల మెడ దగ్గర నరం కొట్టుకోవడమే కళ్ల ముందు కనిపిస్తోంది. హైదర్‌గూడ డాక్టరు ఒప్పుకున్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను. డాక్టర్లు ఒప్పుకున్నవన్నీ సవ్యంగా జరగవని నాకన్నా ఎవరికి తెలుసు?

ఉన్న ఇద్దరు పేషెంట్లను సాయంత్రం రమ్మని పంపేసి, ఆటో ఎక్కాను. హాస్టల్ మూడో అంతస్తు. నా మోకాళ్లతో ఎలా ఎక్కానో నాకే తెలియదు. వరండాలో ఆ గది అమ్మాయిలు నలుగురు నేల మీద కూర్చుని చదువుకుంటున్నారు. పట్టపగలు గది వదిలేసి బయటెందుకున్నారో అర్థం కాలేదు. స్రవంతి నన్ను చూసి లేచి, నోటి మీద వేలు పెట్టుకుని, తలుపు కొంచెం తెరిచింది.

కిటికీ మూసి ఉంది. దీపం ఆర్పేసి ఉంది. రజిత మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ట్రాక్ ప్యాంటుకు ఎర్రమట్టి, ఛాతీ నంబరు కాగితం నలిగి దిండు కింద ఇరుక్కుంది, ఒక కాలికి షూ ఇంకా అలాగే ఉంది. వచ్చి అలా పడిపోయిందని, షూ విప్పబోతే కూడా కదల్లేదని స్రవంతి గుసగుసగా చెప్పింది.

మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నాడి నిదానంగా, ఒక్క తడబాటు లేకుండా నడుస్తోంది. చూడాల్సింది చూశాక కూడా చెయ్యి వదల్లేకపోయాను. ఊపిరి చప్పుడు బయటి వరండా దాకా వినిపించేంత గాఢమైన నిద్ర అది. లేపాల్నా మేడమ్ అని స్రవంతి అడిగింది. వద్దన్నాను.

నాలుగు మెట్లు దిగాక, ఆ పిల్ల గెలిచిందో ఓడిందో అడగనేలేదని గుర్తొచ్చింది. మళ్లీ ఎక్కే ఓపిక లేదు. పైకి చూస్తే స్రవంతి ఇంకా గుమ్మంలోనే ఉంది. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాను. ఆ అమ్మాయి పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.